అందరికీ వెళ్ళిన మాట

తుంటి ఎముక విరిగాక లెంపీ సారెలా అనే పెద్దావిడ సరస్సు ఒడ్డున ఉన్న సొంత ఇల్లు వదిలి, హాన్‌కాక్ ఊళ్ళో వృద్ధుల అపార్ట్‌మెంటుకి మారింది. అక్కడ కిటికీ బయట తీగ ముక్క కట్టడానికి కూడా ఒప్పుకోరు. పెళ్ళికి ముందు నుంచే సరదాగా రేడియోలో దూరాలవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు ఉన్న మనిషి, ఏరియల్ లేక మూగబోయింది. పైగా చెవులు కూడా మందగించాయి. అందుకని రేడియో క్లబ్బువాళ్ళు ఆమెను గేట్‌వే దారిలో వెనక్కి తెచ్చుకుందామనుకున్నారు.

క్లబ్బు షెడ్డులో ఉన్న పాత కంప్యూటరే ఆ గేట్‌వే. దానికి ఒక పక్క రేడియో, ఇంకో పక్క ఇంటర్నెట్టు. అడవిలో క్యాబిన్లలో ఉండేవాళ్ళు రేడియో మీదుగా, ఏరియల్ లేనివాళ్ళు టెల్‌నెట్ అనే చిన్న ప్రోగ్రాం మీదుగా అందులోకి వస్తారు. సాయంత్రం భోజనాలయ్యాక అందరూ కీబోర్డు మీద కబుర్లాడుకుంటారు. మంచు ఎంత పడింది, ఎవరి ఆవిరి స్నానాల సౌనా పొయ్యి పొగలు కక్కుతోంది, చేపలు పడ్డాయా లేదా, అవే కబుర్లు.

లెంపీ కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం పెట్టే పని వెస్ అని అందరూ పిలిచే వెస్లీ హార్యు తీసుకున్నాడు. హైస్కూల్లో ఎలక్ట్రికల్ పని నేర్పి రిటైరైన వాడు. క్లబ్బులో ఏది చెడినా అందరూ అతన్నే పిలుస్తారు. అది అతనికి ఇష్టం కూడా.

ఆమె కాఫీ కాచి, ఏలకుల రొట్టె కోసి పెట్టింది. వెస్ గేట్‌వే చిరునామా, పోర్టు నంబరు, రేడియోలో ఆమె గుర్తింపు పేరైన కాల్‌సైన్, పాస్‌వర్డు ఎక్కించాడు. ఆమె ఒక్కో సంగతీ రెండు మూడు సార్లు అడిగింది. అతను గొంతు పెంచి చెప్పాడు, తర్వాత విసుగ్గా చెప్పాడు. గేట్‌వే స్వాగతం పలికే వాక్యం తెర మీద కనబడగానే లేచి కోటు తొడుక్కున్నాడు. ఒక్క వాక్యం టైప్ చేస్తాను, చూసి వెళ్ళమని ఆమె అడిగింది. పనుందని చెప్పాడు. పనేమీ లేదు.

ఆ సాయంత్రం లెంపీ కబుర్లలోకి వచ్చింది. అందరూ సంబరపడి పలకరించారు. ఆమె జవాబులు మాత్రం సగం అక్షరాలు లేకుండా, ముక్కలు ముక్కలుగా వచ్చాయి. వెస్ తన స్నేహితుడు డేల్ టెర్వోకి విడిగా ఒక మాట రాద్దామనుకున్నాడు. విడిగా పంపాలంటే ముందు గీత గుర్తు కొట్టి, పేరు రాయాలి. నవ్వుకుంటూ రాయడంలో ఆ గీత మరిచిపోయాడు.

"ఒరేయ్ డేల్, ఈ ముసలమ్మకి నేర్పడం కంటే కట్టెకి నేర్పడం నయంరా. కాఫీ కూడా మురుక్కాలవ నీళ్ళే. ఇంకోసారి నన్ను వెళ్ళమన్నారో, చూడు."

ఎంటర్ నొక్కాక ఆ వాక్యం అతని కాల్‌సైన్‌తో సహా తిరిగి అతని తెర మీదే కనబడింది. అంటే అందరి తెరల మీదా కనబడిందన్నమాట. రేడియో మీద ఉన్నవాళ్ళకి మెల్లగా చేరుతుందని అతనికి తెలుసు. చేరుతున్న ఆ మాటను ఆపే మీట లేదు. కాసేపటికి లెంపీ వీడ్కోలు చెప్పింది, అందులోనూ రెండు అక్షరాలు లేవు. ఆమె వెళ్ళిపోయింది.

డేల్ ఫోన్ చేశాడు. "ఏంట్రా అది?" అన్నాడు.

అప్పుడే నిజం చెప్పి ఉంటే సరిపోయేది. "నేను నీకే పంపాను. గేట్‌వే తేడా చేసింది. విడి మాటల్ని అందరికీ కక్కుతోంది," అన్నాడు వెస్.

డేల్ నమ్మాడు. నమ్మి, క్లబ్బు మొత్తానికి చెప్పాడు. విడిగా రాసుకున్న మాటలు బయటికి పోతున్నాయంటే ఎవరు ఊరుకుంటారు? లోపం దొరికేదాకా గేట్‌వే ఆపేశారు. లోపం వెతకమని పురమాయించింది కూడా వెస్‌నే. అతను షెడ్డుకి వెళ్ళి, ఏ లోపమూ లేని కంప్యూటరు ముందు కోటు విప్పకుండా కూర్చునేవాడు. ఆ మంచులో మార్టీ కొస్కీ లాంటి వాళ్ళు క్యాబిన్లలో ఒంటరిగా ఉన్నారు. వాళ్ళకి సాయంత్రం పలకరింపు అదొక్కటే. ఇంట్లో భార్య ఏమైందని అడిగితే తలనొప్పన్నాడు.

శనివారం క్లబ్బువాళ్ళు కలిసి టిఫిన్ తినే హోటల్లో, లోపం దొరికిందా అని డేల్ అడిగాడు. వెస్ చేతిలోని ఫోర్కు కింద పెట్టాడు.

"గేట్‌వేలో ఏ లోపమూ లేదు. గీత గుర్తు కొట్టడం నేనే మరిచాను. తర్వాత నీకు అబద్ధం చెప్పాను."

ఎవరూ తిట్టలేదు. డేల్ మాత్రం ప్లేటు వైపు చూస్తూ, "నీ మాట మీద మార్టీని ఒంటరిగా వదిలేశాం కదరా," అన్నాడు. తిట్టి ఉంటే వెస్‌కి కాస్త తేలికయ్యేది.

అక్కడి నుంచి నేరుగా లెంపీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా నిలబడింది.

"లెంపీగారూ, నేను రాసింది చాలా నీచం. ఆ తర్వాత తప్పుని మిషన్ మీదికి తోశాను. అదీ నా అబద్ధమే," అన్నాడు, ఆమెకి వినబడేలా గట్టిగా. వరండాలో ఇద్దరు ముసలివాళ్ళు తిరిగి చూశారు.

"లోపలికి రా. ముందు ఇది చూడు," అందామె.

కంప్యూటరు ముందు కూర్చుని ఒక పదం టైప్ చేసింది. ప్రతి అక్షరమూ రెండేసి సార్లు పడింది. ఆమె ఓపిగ్గా వెనక్కి వెళ్ళి, కంటికి ఆనిన చోటల్లా రెండోదాన్ని చెరిపేసింది. వెస్‌కి అర్థమైంది. ప్రోగ్రాం ఒకసారి, గేట్‌వే ఒకసారి అదే అక్షరాన్ని చూపిస్తున్నాయి. ఒకటి ఆపాలి, అతను ఆపలేదు. తెర మీద రెండు కనబడినా నిజంగా వెళ్ళేది ఒక్కటే. ఆమె చెరిపింది ఎక్కువైనవాటిని కాదు, అసలు అక్షరాలనే. ఆ సాయంత్రం అతను నవ్విన ముక్కలన్నీ తను చేసిపెట్టినవే.

"ఇది మీ తప్పు కాదు, నాది. ఆ రోజు ఒక్క నిమిషం ఉండి ఉంటే కనబడేది," అన్నాడు.

"ఉండమన్నాను."

"అన్నారు."

ఒకే ఒక్క సెట్టింగు మార్చాడు. ఈసారి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆమె వరసగా, వాక్యం తర్వాత వాక్యం రాసింది. ఒక్క అక్షరమూ పోలేదు. ఆమె టైపింగు తనకన్నా వేగంగా ఉందని గమనించి తల దించుకున్నాడు.

"క్షమించానని ఇప్పుడే అనలేను, వెస్. కట్టె అన్నావు. ఆ మాట మా ఆయన కూడా ఎప్పుడూ అనలేదు," అంది. కాఫీ ఇవ్వలేదు. అతను అడగలేదు.

గేట్‌వే మళ్ళీ తెరిచారు. లెంపీ రోజూ వచ్చేది. మార్టీతో చేపల గురించి, డేల్‌తో అతని భార్య మోకాలి గురించి రాసేది. వెస్ శుభ సాయంత్రం చెబితే ఆమె నుంచి జవాబు వచ్చేది కాదు. అయినా రోజూ చెప్పేవాడు, గీత గుర్తు లేకుండా, అందరికీ కనబడేలా.

మంచు కరిగే రోజుల్లో ఒక సాయంత్రం, ఆమె అందరి ముందూ అతన్ని అడిగింది: పక్క గది ఆవిడకి కూడా ఈ ప్రోగ్రాం కావాలట, వచ్చి పెట్టగలవా? ఈసారి కూర్చునే ఓపిక ఉందా?

ఉందని రాశాడు వెస్. రాసి, ఆ ఒక్క మాటా సరిగ్గా వెళ్ళిందా లేదా అని చాలాసేపు చూసుకున్నాడు.