పెళ్లి లైవ్ కింద చోటు దొరకని హెచ్చరిక

ఉదయం పది గంటలకు నీటి సరఫరా శాఖ పంపిన నోటీసును ముందుగా చదివింది ఆవిడే. పన్నెండేళ్లుగా ఆ టీవీ చానల్లో తెర అడుగున పరుగెత్తే వార్తలు టైపు చేస్తోంది. తూర్పు పేటల కుళాయి నీళ్లలో ఫ్యాక్టరీ రసాయనం కలిసింది, కాచినా పోదు, తాగొద్దు అని అందులో ఉంది.

వెంటనే వార్తల ఇన్‌చార్జి దగ్గరికి పరుగెత్తింది. ఆయన కళ్లు హీరోయిన్ పెళ్లి లైవ్ మీదే ఉన్నాయి.

"కింద పట్టీ అంతా నగల కంపెనీకి ఇచ్చేశాం. పెళ్లయ్యాక చూద్దాంలే."

"ఈలోపు జనం తాగేస్తారండీ. ఇలాంటివి ఆపకుండా వెయ్యాలని మన లైసెన్సులోనే ఉంది కదా."

"నాకు రూల్సు నేర్పకమ్మా. వెళ్లి కూర్చో."

పదకొండున్నరకు మళ్లీ అడిగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తూర్పు పేటలో ఉండే పిన్నికి ఫోన్ చేసింది.

"కుళాయి నీళ్లు తాగకండి పిన్నీ. విషం కలిసిందట."

"పొద్దున్నుంచీ మీ చానలే పెట్టుకుని కూర్చున్నాం కదే. ఒక్క ముక్క చెప్పలేదేం? మీ బాబాయి ఇందాకట్నుంచీ వాంతులు చేసుకుంటున్నాడు."

ఆవిడ ఒళ్లు మండిపోయింది. ఎవరినీ అడక్కుండా నగల పట్టీ తీసేసి, హెచ్చరికను ఎర్రటి అక్షరాల్లో తెర మీదికి వదిలింది. నాలుగు నిమిషాలు నడిచిందో లేదో ఇన్‌చార్జి వచ్చి ఆపించాడు. రేపటినుంచి రావద్దన్నాడు. ఆవిడ నోటీసు బ్యాగులో పెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది.

మంచాలు చాలక వరండాలోనే పడుకోబెట్టారు బాబాయిని. కాసేపటికి అదే చానల్ రిపోర్టరమ్మాయి మైకు పట్టుకుని వచ్చింది. "ప్రజల్ని ముందుగా హెచ్చరించని అధికారులు..." అని మొదలుపెట్టింది.

ఆవిడ నోటీసు చేతికిచ్చింది. "పొద్దున పదింటికే మన ఆఫీసుకొచ్చింది. చదువు."

"లైవ్‌లో ఉన్నామక్కా."

"అందుకే చదవమంటున్నా."

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది, వరండా వైపు చూసింది. చదవడం మొదలుపెట్టింది. ఒకటిన్నర వాక్యం పూర్తయ్యేసరికి స్టూడియోవాళ్లు లైను కోసేసి పెళ్లివిందు చూపించారు.

బాబాయి బతికి బట్టకట్టాడు. వరండాలో ఆయన పక్కన పడుకోబెట్టిన తాపీమేస్త్రీ మూడోరోజు పోయాడు.

ఆవిడ ప్రసారాల నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది. రిపోర్టరమ్మాయి సాక్ష్యం చెప్పింది. ఐదు నెలలకు, చానల్ తప్పు ఒప్పుకుని క్షమాపణ చదవాలని తీర్పొచ్చింది. చదివారు, జనమంతా నిద్రలో ఉండే తెల్లవారుజామున, గడగడా.

ఆ ఉదయమే ఆవిడ రెండో ఫిర్యాదు రాయడానికి కూర్చుంది.