మైకులో చెప్పినాక

నేను ఒక మైకును. చొక్కాకి తగిలించుకునే ఇప్పటి నాజూకు రకాన్ని కాదు, పిడికిట్లో పట్టుకుంటే చెయ్యి లాగే పాతకాలపు ఇనుప మైకును. నన్ను నోటి దగ్గర పెట్టుకోగానే మనుషుల గొంతు మారిపోతుంది. ఇంట్లో పెళ్లాంతోనో, గట్టు మీద స్నేహితుడితోనో మాట్లాడినట్టు నాతో ఎవరూ మాట్లాడరు. ముందు నా తల మీద రెండు మొట్టికాయలు వేస్తారు, ఉఫ్ ఉఫ్ అని ఊదుతారు, ఆ తర్వాత నిజమో అబద్ధమో మొదలుపెడతారు. ఏదైనా నేను పెద్దది చేసి పంపాల్సిందే. నా బతుకంతా అంతే.

ఢిల్లీలో ఏదో ఇరుకు సందులో, మేడ మీది చిన్న కార్ఖానాలో పుట్టాను. తీగలు అతికించిన ఆడమనిషి నన్ను సరిచూడటానికి కూనిరాగం తీసింది. నేను మోసిన మొదటి గొంతు అదే. ఆ తర్వాత తెనాలిలో మైకు సెట్లు అద్దెకిచ్చే మస్తాన్ వలీ చేతిలో పడ్డాను. పెళ్లిళ్లలో అందరూ భోంచేసి వెళ్లాలని బతిమాలేదాన్ని. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి జీపెక్కి తిరిగేదాన్ని. జీపు అదే, డ్రైవరు అతనే, జెండా ఒక్కటే మారేది. సిగ్గు చచ్చిపోయింది అక్కడే అనుకున్నాను. తొందరపడ్డాను.

మస్తాన్ వలీ కొత్త సెట్టు కొనుక్కుని, నన్ను కాలవ పక్క పేటలో ఉన్న ప్రార్థన మందిరానికి ఇచ్చేశాడు. ఆ సంఘానికి పాస్టరు ప్రభుదాసు అయ్యగారు. ఆయన నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇకనుంచి ఈ మైకులో దేవుని మాట తప్ప వేరే మాట రాకూడదని ఆజ్ఞాపించారు. మర్నాడే తప్పిపోయిన గేదె ఆనవాళ్లు నాలోంచే చాటించారు. అయినా ఆయన చెడ్డవారు కాదు. జ్వరమొచ్చినవాళ్ల ఇంటికి పిలవకుండానే వెళ్లేవారు. చచ్చినవాళ్ల దగ్గర తెల్లారేదాకా కూర్చునేవారు. ఎదురుగా జనం కూర్చుంటే మాత్రం ఆయనకి ధైర్యం చాలేది కాదు, అదొక్కటే ఆయన జబ్బు.

ఆ మందిరంలో నాకు దక్కిన అదృష్టం జక్రయ్య గొంతు. జక్రయ్య రైతుల పొలాలకి నీళ్లు పెట్టే పని చేసేవాడు. పగలంతా పార భుజాన వేసుకుని గట్ల మీద తిరిగి, ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని వచ్చి పాట ఎత్తుకునేవాడు. అతను నన్ను మొట్టేవాడు కాదు, ఊదేవాడు కాదు. కొంచెం దూరంగా పెట్టుకుని పాడేవాడు. నేను పెద్దది చేయాల్సిన అవసరం లేని గొంతు అది. ఆడవాళ్ల వరసలో కూర్చున్న అతని భార్య రాహేలు, పాట అయ్యేదాకా తల దించుకునే ఉండేది, మొహంలో గర్వం ఎవరికీ కనపడకూడదని.

అంత పాటగాడికి మూర్ఛ జబ్బు. ఒకసారి పాట మధ్యలోనే పడిపోయి, నన్ను కూడా తనతో కింద పడేశాడు. నురగలు కక్కుతూ కొట్టుకుంటుంటే కొందరు ఇనప తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టారు, కొందరు దయ్యాన్ని గద్దించారు. రాహేలు మాత్రం అతని తల తన ఒళ్లోకి తీసుకుని, పక్కకి తిప్పి పట్టుకుంది. తర్వాత అతన్ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు బిళ్లలు రాసిచ్చి, పడిపోవడం ఆగినా మందు ఆపకూడదని గట్టిగా చెప్పి పంపాడు. ప్రతి నెలా ఆమే బస్సెక్కి వెళ్లి తెచ్చేది. రోజూ అన్నం ముద్దతో పాటు బిళ్ల చేతిలో పెట్టి, అతని తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. ఆమె లెక్కలో బిళ్లకీ ప్రార్థనకీ పేచీ లేదు. ఏడాది తిరిగేసరికి మూర్ఛలు పూర్తిగా ఆగిపోయాయి.

ఇక్కడ సాక్ష్యం సంగతి చెప్పాలి. దేవుడు తనకి చేసిన మేలుని సంఘం ఎదుట నిలబడి చెప్పుకోవడాన్ని వీళ్లు సాక్ష్యం అంటారు. మంచి ఆచారమే. ఒకడి కష్టం తీరిందని వింటే ఇంకొకడికి ఆశ పుడుతుంది. కానీ నేను గమనించింది ఒకటుంది. సగం తీరిన కష్టానికి ఇక్కడ చోటు లేదు. కాలు కొంచెం నయమైందంటే ఎవరూ స్తోత్రం అనరు. పరిగెత్తానంటే మందిరం దద్దరిల్లుతుంది. అందుకని జనం నా దగ్గరికి వచ్చేసరికి కాస్త పరిగెత్తించేస్తారు.

ఆ ఎండాకాలం భక్తిని మళ్లీ రగిలించడానికని ఉజ్జీవ సభలు పెట్టారు. ఎక్కడినుంచో పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. జక్రయ్య వేదిక ఎక్కి నన్ను పట్టుకుని, తనకి మూర్ఛలు పోయాయని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ప్రసంగీకుడు అతని భుజం మీద చెయ్యి వేసి, మందులేమైనా వాడుతున్నావా తమ్ముడూ అని అడిగాడు. వాడుతున్నానన్నాడు జక్రయ్య.

"అయితే నిన్ను బాగు చేసింది ప్రభువా, బిళ్లా? సంఘానికి చెప్పు."

జక్రయ్య చెయ్యి చెమట పట్టి నేను జారిపోతున్నాను. ప్రభువు మీద ప్రాణం పెట్టుకున్నవాణ్ణి పట్టుకుని అడిగే ప్రశ్నేనా అది? ప్రభువేనన్నాడు. ఇక బిళ్లలు ముట్టనని కూడా అన్నాడు. మందిరం మీదున్న బాకాలు ఆ మాటని పేట దాటించి, కాలవ దాటించి, పొలాల మీదికి మోశాయి. చప్పట్లు, స్తోత్రాలు. రాహేలు మాత్రం చప్పట్లు కొట్టలేదు.

ప్రభుదాసు అయ్యగారు వేదిక మీదే కూర్చుని ఉన్నారు. సభలు లేనప్పుడు నన్ను పెట్టే బీరువాలోనే ఆయన షుగరు బిళ్లలు ఉంటాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, క్రమం తప్పకుండా వేసుకుంటారు. ఆ రోజు ఆయన నోరు విప్పి ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆయన కూడా స్తోత్రం అన్నారు.

రాహేలు ఇంట్లో ఎంత బతిమాలిందో, ఎలా కొట్లాడిందో నాకు తర్వాత తెలిసింది. మందిరంలో మాత్రం ఒకసారి చూశాను. పాటల సాధనకి జక్రయ్య ఒక్కడే ముందుగా వచ్చాడు, నన్ను స్టాండుకి బిగిస్తున్నాడు. వెనకే ఆమె వచ్చింది. కొంగులోంచి బిళ్ల తీసి, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని నిలబడింది.

"ఎవురికీ తెలవదు. మింగయ్యా. నేను యాడా చెప్పను."

"మైకులో చెప్పినాక ఎట్టా మింగేదే? రేపు పాటకి నిలబడితే ప్రభువు మొహం ఎట్టా చూసేది?"

ఆమె చెయ్యి చాపే ఉంచింది. అతను నా మెడ దగ్గర మరను అవసరానికి మించి బిగిస్తూ ఉండిపోయాడు. నా మీద ఇంత గౌరవం ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. జీపు మీద అరిచినవాళ్లలో ఒక్కడికైనా ఇందులో పదోవంతు ఉంటే దేశం బాగుపడేది.

నెల తిరక్కముందే పెరట్లో ఒకసారి పడ్డాడు. రాహేలు ఒక్కతే చూసింది. లేచాక అతను ఆమె చేతులు పట్టుకుని, ఎవరికీ చెప్పొద్దని ఏడ్చాడు. చెబితే సాక్ష్యం అబద్ధమవుతుంది, తన విశ్వాసం ఉత్తదవుతుంది, తన పాట విని మందిరానికి వచ్చినవాళ్లు నవ్వుకుంటారు. అయ్యగారితో అయినా చెబుదామని ఆమె రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లింది. మొగుడి మాట నిలబెట్టాలనుకుంది.

నాట్లప్పుడు, తెల్లవారుజామున మడికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన జక్రయ్య పంటకాలవలో బోర్లా పడి కనిపించాడు. మోకాలి లోతు కూడా లేని నీళ్లు. పార గట్టు మీదే ఉంది. ఆ కబురు అయ్యగారు నాలోంచే చెప్పారు. మన ప్రియ సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు అన్నారు. అతను నిద్రించలేదు, ఊపిరాడక చచ్చిపోయాడు.

భూస్థాపన అయ్యాక ఆదరణ కూటం పెట్టారు. ఆదరించడానికి వచ్చినవాళ్లందరూ వరసగా నన్ను పట్టుకున్నారు. దేవుడు తన తోటలో మంచి పువ్వు కోసుకున్నాడని ఒకరు, ఆయన చిత్తం మనకి అర్థం కాదని ఇంకొకరు. సంఘపెద్ద ఒకాయన లోపల ఎక్కడో అవిశ్వాసం ఉండి ఉంటుందని కూడా అనేశాడు. ఆఖరికి నన్ను తెచ్చి రాహేలు నోటి దగ్గర పెట్టారు. స్తోత్రం అని ఒక్క మాట చెప్పమ్మా, అన్నారు. ఆమె నన్ను చేత్తో పక్కకి తోసింది. దుఃఖంలో ఉందిలే అని సర్దుకున్నారు. పువ్వులు కోసుకునే దేవుడి సంగతి చెప్పినవాళ్లంతా భోజనాలకి కూర్చున్నారు.

ఆ తర్వాత రాహేలు మందిరానికి రావడం మానలేదు. వెనక గోడకి ఆనుకుని కూర్చునేది. పాడేది కాదు, మోకరించేది కాదు. అందరూ ఆమె మొగుడి కోసం కుమిలిపోతోందనుకున్నారు. ఆమెని తినేస్తున్నది వేరే. పెరట్లో చూసిన సంగతి దాచింది తను. ఆ మాట ఎవరితోనైనా అనబోతే, ఊరుకోమ్మా, అంతా దేవుని చిత్తం అని నోరు మూసేవారు. వాళ్ల ఆదరణ ఆమెకి ఊపిరి తీసుకోవడానికి సందివ్వలేదు.

ఒక శనివారం మందిరం ఊడ్చే వంతు ఆమెకి వచ్చింది. మధ్యాహ్నం వేళ, ఎవరూ లేరు. నేను స్టాండు మీద ఉన్నాను, కరెంటు లేదు. సగం ఊడ్చి, చీపురు పక్కన పడేసి, వేదిక మెట్టు మీద చతికిలపడింది. నా వైపు చూడలేదు. ఎదురుగా గోడకున్న కర్ర సిలువని చూస్తూ, పక్కింటామెతో అన్నట్టు మొదలుపెట్టింది. ఆయన పడ్డం నేను చూశాను, చెప్పలేదు, నేనే చంపుకున్నాను అంది. నువ్వు మాత్రం ఏం చేశావు, నీ కోసమే గదా బిళ్ల మానేసింది అని దేవుణ్ణే నిలదీసింది. తిట్టింది కూడా. ఆ వేదిక ముందు అలాంటి మాటలు నేనెప్పుడూ వినలేదు. నోరు ఎండిపోయేదాకా తిట్టింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నీ కొడుకు సిలువ మీద చస్తా పిలిస్తే నువ్వూ పలకలా. చూస్తా ఊరుకున్నావు. అట్టాంటి పొద్దు నీకూ ఉంది. నా కడుపులో మంట నీకు గాక ఇంకెవురికి తెలుస్తది. నన్ను క్షమించయ్యా. ఆయన్ని కాస్త నీ దగ్గిర కూర్చోబెట్టుకో."

ఏడ్చింది. కూటంలో అందరి ముందూ ఏడవని మనిషి అక్కడ కడుపారా ఏడ్చింది. వెలుగేమీ రాలేదు, ఏ స్వరమూ వినపడలేదు. వచ్చి ఉంటే నాకు తెలిసేది, వినడమే నా పని. కానీ లేచి నిలబడిన మనిషి కూర్చున్న మనిషి కాదు. తను దాచింది వినేవాడు ఒకడున్నాడు, విని కూడా వెళ్లిపొమ్మనలేదు. ఆమెకి అది చాలింది. మొగుణ్ణి మళ్లీ చూస్తానన్న ఆశ కూడా అప్పుడే కుదిరినట్టుంది. మిగతా సగం ఊడ్చి ఇంటికి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆమెకి అన్నం సహించింది.

అంతా బాగుపడిందనుకోకండి. జక్రయ్య చావుతో మనుషులకేమీ బుద్ధి రాలేదు. ఒక ఆదివారం సాక్ష్యాల సమయంలో సలోమి అనే తల్లి తన కూతురు కెజియాని వెంటబెట్టుకుని ముందుకి వచ్చింది. పిల్లకి జక్రయ్య జబ్బే. కొన్నాళ్లుగా మూర్ఛలు రావడం లేదని, ఈ పూట నుంచి మందు మానిపించి పూర్తిగా ప్రభువు మీద ఆనుకుంటానని నాలో చెప్పి, బిళ్లల అట్టని రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీద పెట్టింది. జనం స్తోత్రం అన్నారు. అయ్యగారు బల్ల మీది అట్టని చూశారు, జనాన్ని చూశారు, కళ్లు మూసుకున్నారు.

రాహేలు వెనక గోడ వదిలి లేచింది. వరసల మధ్య నుంచి నడిచి వచ్చి, సలోమి చేతిలోంచి నన్ను తీసుకుంది.

"మా ఆయనకి దేవుడే నయం చేశాడు. బిళ్లతోనే చేశాడు. మానేసినాక మళ్లీ పడ్డాడు, నేను చూశాను, మీకు చెప్పకుండా దాచాను. అందుకే ఆయన..."

అక్కడ నేను చచ్చిపోయాను. సంఘపెద్ద లేచి వెళ్లి స్విచ్చి కట్టేశాడు. నాలోంచి గాలి కూడా పోవడం లేదు. రాహేలు నన్ను ఒకసారి చూసి, బల్ల మీద పక్కకి పెట్టి, మిగిలిన మాట తన సొంత గొంతుతో పూర్తి చేసింది. అందుకే ఆయన చచ్చిపోయాడని చెప్పింది. ఆఖరి వరస దాకా వినపడింది. తర్వాత అయ్యగారి కోసం పెట్టిన మంచినీళ్ల గ్లాసు తీసుకుంది, అట్టలోంచి బిళ్ల వొలిచి కెజియా నోట్లో వేసి, నీళ్లు తాగించి, పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. ఆమె ప్రార్థన ఎవరికీ వినపడలేదు, పెదవులు మాత్రం కదిలాయి. సలోమి ఏడుస్తూ మోకరించింది. ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు కళ్లు తెరిచే ఉన్నారు.

రాహేలుని సంఘంలో కొందరు పలకరించడం మానేశారు. అవిశ్వాసురాలన్నారు. ఆమె ప్రతి ఆదివారం వస్తూనే ఉండేది, కెజియాని పక్కన కూర్చోబెట్టుకుని పాడేది. వచ్చీరాని పాటే, కానీ పాడేది. కొన్నాళ్లకి మందిరానికి కొత్త సౌండు సెట్టు వచ్చింది. నన్ను పాత ఇనప సామాన్ల కొట్టుకి వేశారు. ఇప్పుడు కుక్కర్ మూతలకీ, సైకిల్ పెడళ్లకీ మధ్య పడి ఉన్నాను.

ఇక్కడ ఆలోచించుకోవడానికి తీరిక బోలెడు. నేను మోసిన సాక్ష్యాల్లో ఎన్ని నిజమో నాకు తెలియదు, మోసేవాళ్లని ఎవరూ అడగరు. కానీ నిజమని నేను ఒట్టేసి చెప్పగలిగింది ఒకటుంది. అది చెబుతున్నప్పుడు నేను బల్ల మీద చచ్చి పడి ఉన్నాను.