పొద్దుటి సూది

సుంకి పెదవులు ఉబ్బిపోయాయి. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు, ఊపిరి తీస్తే ఈల. ఆదోని ఆసుపత్రి పిల్లల వార్డులో డాక్టరు ఇంద్రసేనయ్య ఆ అయిదేళ్ల బిడ్డ నాడి పట్టుకున్నాడు. తాను సూదే వేయించని పిల్లకు ఈ దద్దుర్లేమిటో ఆయనకు అంతు చిక్కలేదు. గడ్డ విషం నెత్తురులోకి పోయిందేమోనని, పెన్సిలిన్ సూది వేయమని కంపౌండరు ఏసన్నకు చెప్పాడు.

ఏసన్న సుంకి తల్లి హంపమ్మ వైపు చూశాడు. నోరు విప్పితే నా ఉద్యోగం పోతుందనే చూపు అది.

హంపమ్మది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. కూతురి తొడ మీద గడ్డ లేస్తే వారం కిందట ఇక్కడ చేర్చింది. డాక్టరు గడ్డ కోసి చీము తీశాడు. రోజూ కడిగి కట్టు కడితే చాలు, సూది అక్కర్లేదన్నాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. ఒక్కసారి గంజి పెట్టి వదిలేసిన నూలు మగ్గం మీద నిలవదు. ఒక్క కోతతో గడ్డ మానుతుందా? సూది వేయమని ఏసన్న కాళ్లావేళ్లా పడింది. ఎవరికీ చెప్పనని బిడ్డ మీద ఒట్టేసింది. మూడు రోజులుగా డాక్టరు రాకముందే సూది పడుతోంది.

అంతా ఇంటి మీది బెంగే. పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాచి, ఆ కొసన మొగుడు ఎల్లప్ప, ఈ కొసన తను నిలబడితే, నూలు కింద దూరి పరుగెత్తే సుంకి. కళ్లు మూసినా తెరిచినా ఆమెకు అదే. ఎంత తొందరగా మానితే అంత తొందరగా ఆ వీధి.

ఏసన్న సూదిలోకి మందు ఎక్కించాడు. ఒట్టు తప్పితే బిడ్డకు తగులుతుంది. తప్పకపోతే?

హంపమ్మ సూదికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు సామీ. మూడు దినాలుగా ఇదే సూది ఏస్తానే ఉండారు. నిన్న సూది పడినంక దురద, దద్దుర్లు. ఈ పొద్దు పడినంక ఊపిరాడల్యా. ఏసన్నను ఏమనొద్దు, నేనే బతిమాలి ఏయించినా."

డాక్టరు ఆ సూది లాక్కుని అవతల పెట్టి, దద్దుర్లకు వేరే సూది తానే వేశాడు. కాసేపటికి ఈల సన్నగిల్లింది. హంపమ్మ బిడ్డను ఒళ్లోకి తీసుకుంది.

"గడ్డ మళ్లా తిరగబెట్టిందా సామీ?"

"గడ్డ ఎప్పుడో మానింది. నిన్ననే కట్టుతో ఇంటికి పంపిద్దామనుకుంటి, దద్దుర్లు చూసి ఆపినా," అన్నాడు డాక్టరు, వార్డంతా వినేలా. "నీ బిడ్డను పొట్టన పెట్టుకోబోయింది గడ్డ కాదు తల్లీ. పెన్సిలిన్."