గోడవార చేతులు

మా వార్డు హాల్లో మీటింగంటే టీ పోసేది నేనే. ఎవరి నోరు ఎంత పెద్దదో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ ఆదివారం గొడవంతా బస్‌స్టాప్ గురించి. దాన్ని పెద్దిళ్ల వీధిలోంచి తీసేసి గుట్ట కింద మెయిన్ రోడ్డు మీద పెట్టాలట! మా వదిన ఆ వీధిలోనే వంట చేస్తుంది. ఆమెవి అరిగిపోయిన మోకాళ్లు. స్టాపు కిందికి పోతే ఆ ఎత్తు ఎక్కలేదు, పని పోతుంది. ఆ బెంగతో ఆమె కంటికి కునుకు లేదు.

"మనం బీదవాళ్లకు వ్యతిరేకం కాదు," అని లేచారు లాయరుగారు. మొన్న ఇదే హాల్లో సమానత్వమంటూ గొంతు చించుకున్న పెద్దమనిషి. "కానీ ఆ గుంపు, ఆ గోల... వీధికో పద్ధతి ఉండాలి కదా! కాస్త నడిస్తే వాళ్ల ఆరోగ్యానికీ మంచిదే."

నాకు ఒళ్లు మండిపోయింది. పక్క వీధికి కూడా కారు తీసే మనిషి నడక గురించి చెప్పడమా!

పెద్దిళ్లవాళ్లు ఒంటరిగా ఎక్కడికొస్తారు? డ్రైవర్లు, వాచ్‌మన్లు, ఆయాలు, అందరినీ వెంటేసుకొచ్చారు. వాళ్లంతా సంచులు పట్టుకుని గోడవార నిలబడ్డారు. మా వదిన కూడా తన మేడమ్‌గారి శాలువా పట్టుకుని అక్కడే ఉంది.

"స్టాపు తీసేయాలన్నవాళ్లు?" అని ప్రెసిడెంటుగారు అడగ్గానే ముందు వరసల చేతులన్నీ లేచాయి.

"ఉండాలన్నవాళ్లు?"

నేను ట్రే కింద పెట్టి చెయ్యెత్తాను.

"నిలబడ్డవాళ్లవి లెక్కలోకి రావు," అని లాయరుగారు కస్సుమన్నారు. "వార్డులో ఉండేవాళ్లు కుర్చీలో కూర్చుని ఎత్తాలి. రూలంటే రూలే!"

"ఓస్, అంతేనా!" వెనక కుర్చీలన్నీ ఖాళీయే. వెళ్లి ఒకదాంట్లో చతికిలబడ్డాను. "రండర్రా! మన పేట కూడా ఈ వార్డులోదే. ఏం, కుర్చీ కరుస్తుందా?"

ముందు ఒక డ్రైవరు కదిలాడు. ఆ వెనకే గోడంతా ఖాళీ అయింది. వదిన నా పక్కన కూలబడి చెయ్యెత్తింది.

మేడమ్‌గారు గిరుక్కున తిరిగారు. "నువ్వు కూడానా?"

వదిన చెయ్యి సగానికి దిగింది.

"స్టాపు పోతే రేపు మీకు వండేదెవరమ్మా?" అంటూ వదిన చెయ్యి మళ్లీ నిటారుగా లేపింది.

ప్రెసిడెంటుగారు రెండుసార్లు లెక్కపెట్టారు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా మేమే ఎక్కువ. "స్టాపు అక్కడే ఉంటుంది," అన్నారు మొహం మాడ్చుకుని. మావాళ్ల కేకలకు హాలు అదిరిపోయింది.

"పద వదినా, ఇంటికెళ్లి అన్నయ్యకు చెబుదాం," అన్నాను.

"ఉండవే," అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ. "కాసేపు కూర్చోనీ. గెలిచి కూర్చోవడం నాకిదే మొదలు."