సంచిలో బెత్తెడు చోటు

నెల్లూరులో ఆ కంప్యూటర్ల అంగట్లో అబిగయీలు గంటసేపటినుంచీ రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య తిరుగుతోంది. చిన్నదాని దగ్గర కాసేపు, పెద్దదాని దగ్గర కాసేపు. స్టూలు మీద కూర్చున్న వాళ్ళ అవ్వ జయశీల చూసి చూసి విసుక్కుంది.

"ఏమ్మే, పెళ్ళిచూపులా ఇవి? ఏదో ఒకదాని చెయ్యి పట్టుకోరాదూ?"

"ఉండవ్వా. వారం రోజులు దీంతోనే బతకాల."

ఆ వారం సంగతి ముందు చెప్పుకోవాలి. కృష్ణపట్నం పక్క రొయ్యల గుంటల మీద డ్రోను ఎగరేసి, అది తీసిన ఫోటోలన్నీ కలిపి పటంగా అతికించే పని అబిగయీలుకు దొరికింది. ఇంకా దొరకలేదు, దొరకబోతోంది. శనివారం సాయంత్రానికి నలభై గుంటల పటాలు అప్పజెప్పితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. డ్రోను కంపెనీదే, ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. గట్ల మీద సిగ్నల్ ఉండదు కాబట్టి అతికించే పని అక్కడికక్కడే కూర్చుని చెయ్యాలి. బస్సు దిగాక మైలున్నర నడక, మధ్యలో కాలువ మీద అడ్డంగా పడేసిన తాటిమొద్దు. అదీ సంగతి. బరువైతే మొయ్యలేదు, బలం లేకపోతే పని కాదు.

అంగడి నరేంద్రబాబు ఓపిక గల మనిషి. "చూడండి మేడం, ఇది పద్నాలుగు అంగుళాలు. కిలో మున్నూరు గ్రాములు, సంకలో పెట్టుకోని పోవచ్చు. అది పదహారు. రెండున్నర కిలోలు, ఛార్జరు మళ్ళా ఒక ఇటుకరాయి. కానీ గ్రాఫిక్స్ బలం దానిది. పటం మొత్తం ఒక్కసారే కంటికి ఆనుతుంది. చిన్నదాంట్లో జరుపుకుంటా జరుపుకుంటా చూడాల."

జయశీల లేచి రెండింటినీ ఎత్తి చూసింది, సంతలో కోడిపెట్టను చూసినట్టు. "చిన్నదే. తాటిమొద్దు మీద పెద్దదాన్ని ఎత్తుకోని పోతే నువ్వూ అదీ కాలవలోనే."

అట్లా చిన్నది ఇంటికి వచ్చింది. నచ్చకపోతే ఏడు రోజుల్లో తెచ్చి మార్చుకోవచ్చన్నాడు నరేంద్రబాబు. ఏడో రోజు శనివారమే.

జయశీల కుట్టుమిషను మీద నలభై ఏళ్ళుగా బైబిలు సంచులు కుడుతోంది. చర్చిలో ఏ ఒడిలో చూసినా ఆమె చేతి సంచే ఉంటుంది. మనవరాలు ల్యాప్‌టాప్‌కు సంచి కొంటానంటే ఒప్పుకుంటుందా? ఇనప్పెట్టె అడుగునుంచి ఒక పాత కాన్వాసు సంచి తీసి, కుట్లు విప్పి, పరిచింది.

"అవ్వా, అది తాత సంచి గదా!"

"ఎవురికి దాస్తాను ఇంక? పద్నాలుగంటివి గదా?"

తాత పేరు సమాధానం. సర్వే వాళ్ళ దగ్గర కొలత గొలుసు మోసే మనిషి. రొయ్యల గుంటలు కొత్తగా తవ్వుతున్న రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం, ఉప్పుటేటి పక్క పర్ర కొలవడానికి పోయి తిరిగి రాలేదు. పర్ర అంటే ఏటి పక్క ఉప్పునేల, పైన ఎండి పలకలు కట్టి ఉంటుంది, కింద ఎంత లోతు బురదో దేవుడికే తెలుసు. గట్టు మీద ఈ ఖాళీ సంచి దొరికింది. గొలుసు దొరకలేదు, మనిషి దొరకలేదు. చర్చి వెనక సమాధుల తోటలో జయశీల తనకనుకున్న చోటు పక్కన ఆయనకూ ఒకటి ఖాళీగా ఉంచమని చెప్పి ముప్పై అయిదేళ్ళయింది. ఆ రోజు ఏం జరిగిందని ఎవరడిగినా "పోయినాడు" అనే ఒక్క మాటే చెప్పేది. అంత మాటకారి అవ్వ ఆ ఒక్క చోట మూగదైపోవడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది.

సాయంత్రానికి సంచి తయారైంది. అబిగయీలు ల్యాప్‌టాప్ అందులో దించితే పక్కన బెత్తెడు చోటు మిగిలిపోయింది.

"అయ్యో అవ్వా, అడ్డం పద్నాలుగు పెట్టినావా? స్క్రీనుకు మూలనుంచి మూలకు కొలుస్తారు."

"మూలనుంచి మూలకా?" జయశీల టేపు మెడలో వేసుకుని నోరు తెరిచింది. "గుడ్డకీ నిలువూ అడ్డమే, నేలకీ నిలువూ అడ్డమే, ఆఖరికి మనిషిని పెట్టే పెట్టెకీ అంతే. యాడన్నా మూలలు కొలిచే కొలత ఉందా? మోసం గాకపోతే!"

నవ్వుకున్నారు. టిఫిను డబ్బాకు పనికొస్తుందిలే అని ఆ చోటు అట్లాగే వదిలేశారు.

మొదటి రోజు గట్టు మీద నడుస్తుంటే అబిగయీలు భుజం లాగడం మొదలెట్టింది. కొత్త పని కదా, అనుకుంది. బస్సు దిగినప్పుడు లేని బరువు తాటిమొద్దు దాటాక వచ్చింది. ఏటి వైపు గట్టెక్కేసరికి పట్టీ భుజంలోకి దిగిపోయింది. చెయ్యి పెట్టి తడిమింది. ల్యాప్‌టాప్ ఒక పక్క, బెత్తెడు ఖాళీ ఒక పక్క. ఖాళీలో వేళ్ళకు చల్లగా తగిలింది తప్ప ఏమీ లేదు.

గుంటల కాపలాదారు ముత్యాలయ్య ఆమె వాలకం చూసి పకపకా నవ్వాడు. "ఏందమ్మా, బండరాళ్ళు మోసుకొస్తా ఉండావా?"

"పెదనాయనా, మీ రొయ్యల కాటా ఒకసారి ఇస్తారా?"

రొయ్యలు తూచే కాటాకు సంచి తగిలించారు. ఎండ నడినెత్తిన ఉంది, ఇద్దరి నీడలూ కాళ్ళ కిందే ఉన్నాయి. ముల్లు ఏడు కిలోల మీద నిలబడింది. ల్యాప్‌టాప్ బయటికి తీసి విడిగా తూచారు: కిలో మున్నూరు. ఖాళీ సంచి: అర కిలో. మళ్ళీ లోపల పెట్టి తూచారు: ఏడు.

ముత్యాలయ్య నవ్వు ఆపేశాడు. కాటాను విదిలించి, ముల్లును గోటితో తట్టి, తన చెప్పు తగిలించి చూశాడు. చెప్పు సరిగ్గానే తూగింది. "దీన్ని ఈ గట్టు మీదికి తేబాకమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆ పక్క పర్రలో ఎవురూ గుంట తవ్వలేదు చూడు. ఎందుకని ఎవురూ అడగరు."

కానీ తేకపోతే పని ఎట్లా? రోజూ తెచ్చింది. రోజూ అదే బరువు, అదే చోట. నడుస్తుంటే సంచిలోంచి సన్నగా ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడు. ఆగితే ఆగేది.

నాలుగో రోజు పటంలో ఆ చుక్కలు కనిపించాయి. పర్ర మీద, తెల్లటి ఉప్పు పొర కింద, నల్లగా, చిన్న చిన్న చుక్కలు. ఒకటి చూసి పక్కకు జరిపితే ఇంకొకటి. ఇంకా జరిపితే ఇంకొకటి. పద్నాలుగు అంగుళాల తెరలో ఒకేసారి రెండు కంటే పట్టలేదు. మొత్తం చూద్దామని చిన్నది చేస్తే చుక్కలు కరిగిపోయేవి. ల్యాప్‌టాప్ వేడెక్కి రొప్పుతోంది. ఇంకా ఎనిమిది గుంటలు మిగిలే ఉన్నాయి.

మార్చేద్దాం, అనుకుంది అబిగయీలు. శుక్రవారం పొద్దున్నే నెల్లూరు బస్సెక్కింది.

నరేంద్రబాబు ఆ పటాన్ని పదహారు అంగుళాల దాంట్లో తెరిచాడు. గీత గీసినట్టు, వరసగా, అన్నీ ఒక్కసారే కనబడ్డాయి. పదకొండు చుక్కలు. దూరంనుంచి మొదలై పర్ర మీదుగా వచ్చి, పదకొండోది సరిగ్గా ఏటి గట్టు అంచున, రోజూ ఆమె భుజం వంగే చోట ఆగింది. అక్కడినుంచి ఏటి వైపు ఉత్త తెలుపు.

"ఎవురో కొలిచి పెట్టినట్టుండాయి మేడం." అతను మీటలు నొక్కి దూరాలు చూశాడు. "అరవై ఆరు అడుగులు. ఇదీ అరవై ఆరే. అన్నీ అరవై ఆరే!"

బల్ల మీద పెట్టిన సంచి, ఎవరూ ముట్టుకోకుండానే, జానెడు దూరం జరిగింది. తూర్పుకి, కృష్ణపట్నం వైపు.

నరేంద్రబాబు చూడలేదు. పెద్ద ల్యాప్‌టాప్ తీసి ఆ సంచిలో దించి చూపిస్తున్నాడు. "కొలిచి కుట్టినట్టుంది మేడం! దీని అడ్డం సరిగ్గా పద్నాలుగు." వేలు పెట్టడానికి కూడా సందు లేదు. అబిగయీలు పట్టీ పట్టుకుని ఎత్తింది. రెండున్నర కిలోల మిషను, చిన్నదానికంటే తేలిగ్గా పైకి లేచింది. చప్పుడు లేదు, లాగడం లేదు. చోటు లేని చోట ఏదీ కూర్చోలేదు కదా.

అంతకంటే ఏం కావాలి? బలానికి బలం, బరువుకు బరువు. అయినా ఆమె నోటినుంచి "రేపు వచ్చి మార్చుకుంటానన్నా" అనే మాటే వచ్చింది. ఎందుకో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చి చుక్కల సంగతి చెబుతుంటే జయశీల మిషను తొక్కుతూనే వింది. "అరవై ఆరు అడుగులు" అనగానే కాలు ఆగిపోయింది.

"గొలుసు పొడుగు," అంది. "గొలుసు నిండిన చోటల్లా ఒక మేకు దిగ్గొట్టేవోళ్ళు."

సూది కింది గుడ్డను పక్కకు తీసి, ముప్పై అయిదేళ్ళ మాట బయటపెట్టింది.

"గొలుసుకు రెండు పిడులుంటాయి అబీ, ఇత్తడివి. ఇద్దరు పట్టుకోవాల. ముందు నీ తాత, వెనకాల చెంచయ్య. ఆ పొద్దు చెంచయ్యకు జొరం. నేను పోయినా. పొద్దున్నే ఇంట్లో తగువులాడుకోనుండాము, అయినా పోయినా. పిడి నా చేతిలో పెట్టి 'వదలబాక' అన్నాడు. పదకొండు మేకులు దిగ్గొట్టినాము. పన్నెండో దానికి ఆయన ముందుకు పోయినాడు. జమ్ము అడ్డం, మనిషి కనబడ్లేదు. గొలుసు గుంజింది. మూడుసార్లు, గట్టిగా. ఈయనకు ఆటలు తగ్గలేదే, నాతో మాట్లాడించను గుంజతా ఉండాడు అనుకోని..."

జయశీల తన కుడి అరచేయి తెరిచి చూసుకుంది.

"వదిలేసినా. గొలుసు పాములాగ పోయింది మే, బురదలోకి. లంకె తర్వాత లంకె. గుంజింది ఆటకు గాదని అప్పుడు తెలిసింది."

అబిగయీలు ఆ అరచేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

"పెద్దది కొనుక్కో, నేను వద్దనను," అంది అవ్వ. "నీ ఉద్యోగం నీకు కావాల. దాంట్లో చోటుండదు, ఆయన నిన్ను విడిచిపెడతాడు. కానీ రేపు మధ్యాన్నం దాకా ఆగు. నన్ను ఆ గట్టు మీదికి తీసకపో."

శనివారం. మిగిలిన గుంటలన్నీ తెల్లారినప్పటినుంచీ ఎగరేసి, అతికించి, ఆఖరి పటం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కేసరికి పన్నెండైంది. పంపాలంటే సిగ్నల్ ఉన్న రోడ్డు మీదికి పోవాలి. ముత్యాలయ్య జయశీలను మోపెడ్ మీద కాలువ దాకా తెచ్చి దించాడు; మనవరాలి చెయ్యి పట్టుకుని తాటిమొద్దు దాటి ఆమె గట్టెక్కింది. దూరంగా రేవులో క్రేన్లు ఎండకు వణుకుతున్నట్టు కనబడుతున్నాయి. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి, కానీ వాటి చప్పుడు గట్టు ఈ చివరికి రావడం లేదు. కొంగ ఒకటి కూడా లేదు.

పదకొండో చుక్క చోట అబిగయీలు సంచి దించింది. భుజం మీదినుంచి దిగిందో లేదో, సంచి ఏటి వైపు పర్రకేసి కదిలింది.

"అవ్వా! వారం రోజుల పని దాంట్లోనే ఉండాది!"

జయశీల అప్పటికే పట్టీ అందుకుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ మీద కూలబడి, కుడిచేతికి మెలివేసుకుంది. సంచి గట్టు వాలులో ఆగింది. పట్టీ బిగిసింది.

ఒకసారి గుంజింది. జయశీల ముందుకు జరిగింది, మోకాళ్ళ కింద మట్టి రాలింది.

రెండోసారి. అబిగయీలు వెనకనుంచి అవ్వ నడుము చుట్టేసింది. పట్టీలోంచి ఇనుప చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. లంకె తర్వాత లంకె.

మూడోసారి గుంజినప్పుడు అవ్వ చేతి ఎముకలు పటపటమన్నాయి.

"పట్టుకోనుండా!" అని పర్ర మీదికి కేకేసింది జయశీల. "పట్టుకోనుండానయ్యా! ఈసారి వదల్లే! రా నువ్వు!"

ఎంతసేపో తెలియదు. కళ్ళల్లోకి చెమట దిగుతోంది. తర్వాత బరువు తగ్గుతూ వచ్చింది, ఎవరో గొలుసు పట్టుకుని ఒక్కొక్క లంకె చెయ్యి మార్చి చెయ్యి మార్చి దగ్గరికి వస్తున్నట్టు. దగ్గరికి. ఇంకా దగ్గరికి. గట్టు కిందనుంచి పాత బురద వాసన ఒక్కసారి గుప్పుమని, ఇద్దరి పక్కనుంచీ దాటుకుని పోయింది. పట్టీ వదులైంది.

సంచి దూదిలాగా చేతికొచ్చింది.

జయశీల గుప్పిట విప్పింది. పట్టీ గుడ్డది. అరచేతిలో మాత్రం పచ్చగా చిలుము మరక, పిడి ఆకారంలో, అచ్చు గుద్దినట్టు. కొంగుతో తుడిచింది. పోలేదు. ఇంకోసారి తుడవలేదు.

"డ్రోను ఒకసారి ఎగరెయ్యి అబీ," అంది నిదానంగా.

ఎగరేసింది. కొత్త ఫోటోలో గట్టు, గట్టు మీద ఇద్దరు ఆడవాళ్ళు, పదకొండో చుక్క. ఆ చుక్కకు ఏటి వైపు, నిన్నటిదాకా ఉత్త తెలుపుగా ఉన్న చోట, ఇంకొక చుక్క. పన్నెండోది. గట్టు మీద అవ్వ పక్కన కూడా ఏదో మసకగా ఉంది. ఎండ మెరుపో, కెమెరా మీద ఉప్పో. ఈ తెర మీద ఇంతకంటే తెలియదు. పదహారు అంగుళాల దాంట్లో అయితే తెలుస్తుంది.

"ఏముందిమే?" అంది అవ్వ.

అబిగయీలు ఆ మసక మీద వేలు పెట్టి, పెద్దది చెయ్యకుండా తీసేసింది. "పన్నెండో మేకు అవ్వా."

రోడ్డు మీదికి వచ్చాక నలభై పటాలూ పంపింది. అయిదు గంటలకు ఉద్యోగం ఖాయమైనట్టు కబురొచ్చింది. ఆ తర్వాత నరేంద్రబాబుకు ఫోను చేసింది.

"మార్చుకోనన్నా. చిన్నదే ఉంచుకుంటా."

"పెద్దదాంట్లో బాగా కనబడతాది గదా మేడం?"

"అందుకేనన్నా."

ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక, ఆ బెత్తెడు వదులు బిగించి కుట్టేద్దామని జయశీల సంచి తెమ్మంది. టేపు సంచికి అడ్డంగా పెట్టి కొలిచింది: పద్నాలుగు. ల్యాప్‌టాప్ లోపల దించి, పక్కన ఖాళీగా కనబడుతున్న చోటు ఎంతో చూద్దామని వేళ్ళు పెట్టబోయింది.

వేలు పట్టలేదు.