ఇంకో వరస

మేస్త్రీ తాపీ అంచుతో సిమెంటు గీకి, కట్టిన దారం సరిచూసి, ఇటుక పెట్టి తట్టాడు. ఎండ మాడు పగలగొడుతోంది. ఒకే ఇంటిని రెండు చేసిన గోడ అది. అటు అన్న, ఇటు తమ్ముడు. మొదట నడుమెత్తు చాలన్నారు. తర్వాత అన్న ఇంకో వరస పెంచమన్నాడు. అది చూసి తమ్ముడు ఇంకోటి. ఇప్పుడు ఎంత పొడగరి నిలబడ్డా అవతలి ముఖం కనబడదు. పైన గాజుపెంకులు కూడా గుచ్చాలట. ఇద్దరిదీ ఒకటే బెంగ, అవతలివాళ్ళు దూకి వస్తే ఎలాగని.

పరంజా పలక మీద నిలబడి రెండిళ్ళూ చూసేవాడు మేస్త్రీ ఒక్కడే. ఇద్దరికీ ఉన్నది పగ కాదు, భయమని అతనికి తెలుసు. కానీ అడిగినదానికి మించి ముక్క మాట్లాడటం అతని ఒంట్లోనే లేదు. మనకెందుకొచ్చిన గొడవ అనుకుంటూనే జుట్టు నెరిసిపోయింది. కూతురి పెళ్ళి మాటల్లో కూడా గోడకి చేరబడి ఊఁ కొట్టాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

మధ్యాహ్నం తమ్ముడు మంచినీళ్ళు అందిస్తూ, అటువైపు ఆ చప్పుడేమిటని గొంతు తగ్గించి అడిగాడు.

"కర్ర చెక్కుతున్నారండీ."

"లావుపాటిదా?"

"లావుదే."

అన్నకి మోకాలు వాచింది, గోడలు పట్టుకు నడుస్తున్నాడు. అది ఎవరూ అడగలేదు, మేస్త్రీ చెప్పలేదు. తమ్ముడు గునపం తెచ్చి తలుపు పక్కన పెట్టుకున్నాడు. మేస్త్రీ అదీ చూశాడు. మళ్ళీ ఇటుకలు తడపసాగాడు.

పొద్దు వాలుతుండగా అన్న కిందనుంచి పిలిచాడు. "గాజుపెంకులు వద్దులే మేస్త్రీ. బంతి కోసం పిల్లలు ఎక్కుతారు, చేతులు తెగుతాయి. వాడితో నేనే మాట్లాడతా." అని కర్ర ఊతంగా వీధిలోంచి చుట్టుతిరిగి బయల్దేరాడు.

మేస్త్రీకి గునపం గుర్తొచ్చింది. కేక వేద్దామని నోరు తెరిచాడు. అన్నదమ్ములు, వాళ్ళే చూసుకుంటారులే అని మూసుకున్నాడు.

తలుపు తీసిన తమ్ముడికి ముందుగా కనబడింది కర్రే. ఒకటే దెబ్బ. పెద్దాయన కిక్కురుమనకుండా పోయాడు.

మేస్త్రీ దిగి పరుగున వచ్చేసరికి తమ్ముడు గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు. "కర్ర పట్టుకొచ్చాడు. నువ్వేగా చెప్పావు మేస్త్రీ," అన్నాడు చిన్నపిల్లాడిలా.

చీకటి పడకముందే ఒకరిని మోసుకెళ్ళారు, ఇంకొకరిని నడిపించుకెళ్ళారు. కర్ర మాత్రం గుమ్మంలోనే పడి ఉంది, జారకుండా అడుగున తొడిగిన కొత్త రబ్బరు బిళ్ళతో.