దెబోరాకో పొలం

మా ఆయన ఆమోసు పెంచిన డేగ పేరు దెబోరా. కూతురు పుడితే పెట్టుకుందామని నేను దాచుకున్న పేరది. కొండల్లోంచి పట్టుకొచ్చిన పక్షికి పెట్టేశాడు మహానుభావుడు! ఇదేమిటండీ అంటే, "బైబిల్లో దెబోరా యుద్ధానికి వెళ్ళింది కదా కుమారీ, ఇది వేటకి వెళ్తుంది" అని సమర్థించుకున్నాడు.

అది 1982. మేం శాంటా క్లారాలో ఉండేవాళ్ళం. ఆయన కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు, నేను ఆస్పత్రిలో నర్సుని. అందరి మొగుళ్ళూ వీకెండ్ వస్తే కారు కడుక్కునేవారు, మా ఆయన డేగవేట నేర్చుకునేవాడు. ఈ దేశంలో దానికి లైసెన్సుండాలి, నేర్పే గురువుండాలి. ఆయన గురువు వాల్టర్ అని ఓ పెద్దమనిషి. ఎండాకాలం వెళ్ళాక ఇద్దరూ కలిసి ఆ ఏడు పుట్టిన డేగను వలవేసి పట్టారు. నవంబరు వచ్చేసరికి అది ఈల వినగానే ఎగిరొచ్చి ఆయన చేతి తోలు తొడుగు మీద వాలేది. కాలికి పొడుగాటి తాడు ఉన్నంతవరకే ఈ విధేయత. తాడు విప్పితే ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు.

ఇక వేటకి చోటు కావాలి. అక్కడే వచ్చింది చిక్కు. వాల్టర్ నిక్కచ్చి మనిషి. "వేటాడని డేగ ఖైదీ లెక్క. ఈ నెలాఖర్న థాంక్స్‌గివింగ్ పండగ లోపల పొలం చూసుకో ఆమోస్, లేకపోతే దాన్ని వదిలెయ్" అని తేల్చి చెప్పాడు. ఏదో ఒక పొలమైతే కుదరదట. కరెంటు తీగలుండకూడదు, పెద్ద రోడ్డు ఆనుకుని ఉండకూడదు, దగ్గర్లో కోళ్ళుండకూడదు, చెవులపిల్లులు మాత్రం దండిగా ఉండాలి. అన్నిటికన్నా ముందు, పొలంవాళ్ళు సరేననాలి. అది విన్న దగ్గర్నుంచీ మా ఆయనకి అన్నం సహించలేదు.

వాళ్ళ నాన్నగారు తెనాలి దగ్గర పాస్టరు. ఎవరినైనా ఒక మాట అడగాలంటే ఆదివారం ఆరాధన చేసుకుని, ఆ బట్టల్తోనే తిన్నగా వెళ్ళడం వాళ్ళింటి ఆచారం. సరే, దైవాశీర్వాదం గారింట్లో తెలుగు ఆరాధన ముగియగానే పొలాలుండే హాలిస్టర్ ఊరి వైపు బయల్దేరాం. ఆయన నల్లసూటు, టై. నేను తెల్ల పట్టుచీర. ఇద్దరి చంకల్లోనూ బైబిళ్ళు.

మొదటి ఇంట్లో కర్టెన్ కదిలింది గానీ తలుపు తెరుచుకోలేదు. రెండో ఇంటాయన మేం నోరు విప్పకముందే "మాకు మా చర్చి ఉందండీ, థాంక్స్" అని ధడాలున తలుపేశాడు. నీ చర్చి సంగతి ఎవరడిగారయ్యా? మూడో ఇంటి ముందు కూరగాయల కొట్టు, వెనకాల ఆప్రికాట్ తోట, ఆ వెనక కొండ దాకా పొదలున్న బీడు. తీగల్లేవు, రోడ్డు లేదు. "ఇదే కుమారీ, ఇదే!" అని మా ఆయన నా చెయ్యి నొక్కేశాడు. కిటికీలోంచి ఓ ముసలావిడ మమ్మల్ని చూసి, వద్దు వద్దని చెయ్యి ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక చాలు కుమారీ అని ఆయన కారు ఇంటివైపు తిప్పేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా మొగుణ్ణి నేను నానా మాటలూ అంటాను, అది వేరే సంగతి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన మొహాన తలుపేస్తే ఊరుకుంటానా?

ఆ పై శనివారం మా సంఘం కోతల పండుగకి కూరగాయలు తెచ్చే పని నా మీద పడింది. మంచిదేనని ఒక్కదాన్నే నా కారు తీసి నేరుగా ఆ ముసలావిడ కొట్టుకే వెళ్ళాను. ఆస్పత్రి ప్యాంటు, పైన మా ఆయన పాత స్వెట్టరు. గుమ్మడికాయలు, క్యాబేజీ, ఉల్లిపాయలు ఏరుతూనే ఉన్నాను.

"ఇన్ని ఎవరికి? హోటలా?" అంది ఆవిడ. పేరు మిసెస్ సిల్వా.

పంటలో మొదటి భాగం దేవుడి దగ్గరికి తెస్తామనీ, గుమ్మడికాయ కోసం పోటీలుపడి వేలం పాడతామనీ చెప్పాను. ఆవిడ పడీపడీ నవ్వింది. వాళ్ళ అమ్మావాళ్ళ పోర్చుగల్ పల్లెలోనూ ఇలాంటిదే ఉండేదట. నవ్వు ఆగాక, "నా మొదటి భాగం చెవులపిల్లులు తింటున్నాయమ్మా" అని తోట వైపు చూపించింది. లేత ఆప్రికాట్ చెట్ల మొదళ్ళన్నీ బెరడు ఊడి తెల్లగా ఉన్నాయి.

"తుపాకులవాళ్ళు వస్తామంటారు. గేట్లు బార్లా తెరిచిపోతారు, నా కుక్కనే కాల్చబోయారు ఓసారి."

"మా ఆయనకి తుపాకీ లేదండీ, డేగ ఉంది" అన్నాను. "మొన్న ఆదివారం అది అడగడానికే వచ్చాం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ సూటు ఆయనా? అయ్యో తల్లీ! చేతిలో ఆ నల్ల పుస్తకాలు చూసి ఇంటింటికీ మతం చెప్పేవాళ్ళనుకున్నాను! వాళ్ళు కూర్చుంటే లేవరని వంటింట్లో దాక్కున్నాను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామగారి ఆచారం ఎంత పని చేసింది!

"ఫోన్ చేసి ఇప్పుడే రమ్మను" అంది. "నా కళ్ళతో చూస్తాను. నచ్చితే సరే, లేకపోతే లేదు."

ఆయన దెబోరాని తీసుకుని ఆదరాబాదరాగా వచ్చాడు. తీరా బీడులో నిలబడ్డాక తాడు విప్పడానికి చేతులాడలేదు. "ఇది ఎప్పుడూ తాడు లేకుండా ఎగరలేదు కుమారీ. వెళ్ళిపోతే?"

"విప్పకపోతే మాత్రం మిగులుతుందా? వచ్చే వారం ఎలాగూ వదిలెయ్యాలిగా. విప్పండి!"

విప్పాడు. నేనూ మిసెస్ సిల్వా చెరో కర్రా పట్టుకుని పొదలు కొట్టుకుంటూ నడిచాం. నా కాళ్ళ ముందు నుంచే ఓ చెవులపిల్లి లేచింది. దెబోరా ఆయన చేతి మీదనుంచి దూసుకుపోయింది. చెవులపిల్లి చటుక్కున వెనక్కి తిరిగి తప్పించుకుంది, దెబోరా ఉత్త గడ్డి మీద పడింది. లేచి, మావైపు చూడనైనా చూడకుండా యూకలిప్టస్ చెట్టు చిటారుకొమ్మ ఎక్కి కూర్చుంది.

ఆయన ఈల వేశాడు. తొడుగులో మాంసం ముక్క పెట్టి చెయ్యెత్తాడు. మళ్ళీ వేశాడు. అది కొండ వైపు చూస్తోంది. మా ఆయన పెదాలు ఎండిపోయి ఈల రావడం మానేసింది. మిసెస్ సిల్వా కర్ర కింద పెట్టేసింది.

నాకెక్కడలేని కోపమూ వచ్చింది. "ఓసి నీ మొహం మండా! నా కూతురి పేరు కొట్టేసి, నా మొగుడి పరువు తీస్తావటే?" అని తెలుగులోనే అరుస్తూ, చెట్టు కింద కొట్టేసిన కొమ్మల కుప్పని కాలితో ఒక్క తన్ను తన్నాను.

అందులోంచి ఇంకోటి లేచింది. ఇంత పెద్దది!

దెబోరా రెక్కలు ముడిచి ఆ ఎత్తు నుంచి రాయిలా జారింది. ఈ చెవులపిల్లి కూడా అదే ఎత్తు వేసింది, గిరుక్కున తిరిగింది. ఈసారి దెబోరా కూడా తిరిగింది. దుమ్ము లేచింది, ఆ దుమ్ములో రెక్కలు విచ్చుకున్నాయి.

"స్తోత్రం!" అని నేను పెట్టిన కేక కొండ దాకా వెళ్ళి ఉంటుంది. మా ఆయన పరిగెత్తి మోకాళ్ళ మీద పడ్డాడు. చెవులపిల్లి ప్రాణం త్వరగా తీసేసి, మాంసం ముక్క చూపించి తొడుగు చాపాడు. దెబోరా కాళ్ళకి తాడు లేదు. పైన ఆకాశమంతా ఉంది. అది ఒక్క క్షణం ఆయన్ని చూసి, తనంతట తానే చేతి మీదికి ఎక్కింది. మిసెస్ సిల్వా నన్ను పట్టుకుని గంతులేసింది, ఆ వయసులో!

తర్వాత ఆవిడ ఏప్రన్ జేబులోంచి గేటు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "ఎప్పుడొచ్చినా గేటు వేసి వెళ్ళండి, అంతే."

మా ఆయన దెబోరాతో వచ్చి రెండో చెయ్యి చాపాడు. నేను గుప్పిట మూశాను.

"పొలం ఎవరికిచ్చారు?"

"నీకే."

"అయితే అడగండి మరి."

జుట్టంతా పల్లేరుకాయలు, చొక్కా మీద నెత్తురు, చేతి మీద డేగ. ఆ వేషంలో మా ఆయన నిటారుగా నిలబడి, "దేవకుమారి గారూ, మీ పొలంలో మా దెబోరా వేటాడుకోవచ్చాండీ?" అన్నాడు. వేళాకోళంగానే మొదలుపెట్టాడు గానీ, చివరికొచ్చేసరికి నిజంగానే అడుగుతున్నాడు.

ఓ నాలుగు షరతులు పెడదామనుకున్నాను. ఒక్కటే పెట్టాను.

"రోజూ తీసుకురండి" అని తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను.